నాచారంలో ఓడల మంత్రి

14 సెప్టెంబరు 2011, బుధవారం

తెలంగాణ కోసం నిన్నటి నుంచి సకల జనుల సమ్మె. కాలేజీ మూశారు. ఎప్పుడు తెరుస్తారో ప్రిన్సిపాల్‌కే తెలియదట. బి.ఏ. రెండో సంవత్సరం సగంలో ఆగిపోయింది, పద్యభాగంలో మూడో పాఠం దగ్గర.

బాధపడాలి గానీ లోపల సంతోషంగానే ఉంది. ఈ రోజు నాకు రాసే పని దొరికింది. ఉప్పల్ చౌరస్తా దీక్షా శిబిరంలో నరేందరన్న పిలిచి మరీ ఇచ్చాడు. ఆయన యూనివర్సిటీలో హిస్టరీ ఎం.ఏ. శిబిరం బాధ్యతంతా ఆయనదే. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో జైలుకు పోయిన ఈ చుట్టుపక్కల వాళ్ల మీద చిన్న పుస్తకం వేస్తున్నారు. మనిషికి ఒక పేజీ.

“మీ తాత పేజీ నువ్వే రాయాలె త్రివేణీ. నీ తెలుగు మంచిగుంటది,” అన్నాడు.

ఆ మాట చౌరస్తా నుంచి నాచారం దాకా నాతోనే వచ్చింది.

తాతకు చెప్పగానే బనియన్ మీద చొక్కా తొడుక్కున్నాడు, ఎవరో ఫొటో తీయడానికి వచ్చినట్టు. కుర్చీ గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చున్నాడు. అక్కడే గాలి వస్తుంది.

“రాసుకో బిడ్డా. కొమురెల్లి, ఉపాధ్యాయుడు. అరవై తొమ్మిదిల లాఠీ దెబ్బలు తిన్నడు, జైలుకు పోయిండు. డెబ్బై ఒకటిల తెలంగాణ కావాలె అని నిలబడి పార్లమెంటుకు గెలిచిండు. యుద్ధమొచ్చింది. దేశం పిలిచింది. ఓడల మంత్రయ్యిండు.”

తన గురించి చెప్పుకోమంటే ఎవరో వేరే మనిషి గురించి చెప్పినట్టు చెప్పాడు. దేశం పిలిచింది. రెండే మాటలు, ఎంత నిండుగా ఉన్నాయి! నేను దాన్ని ఇలా దిద్దాను: ‘యుద్ధమేఘాలు కమ్మిన వేళ దేశం పిలిచింది, ఆయన లేచి నిలబడ్డారు.’ పడుకునేలోపు ఎన్నిసార్లు చదువుకున్నానో.

17 సెప్టెంబరు

ఈ రోజంతా ఓడలే.

తాతకు అప్పటిదాకా తెలిసిన నీళ్లు మూసీ ఒక్కటే. ఉప్పల్ బడిలో లెక్కలు చెప్పే మాస్టారు. అలాంటి మనిషిని ఢిల్లీకి తీసుకుపోయి, రక్షణశాఖలో ఓడలు చూసుకునే ఉపమంత్రిని చేశారు.

“సముద్రం సూడనోనికి ఓడలిచ్చిన్రు బిడ్డా. మొదటి దినం పెద్ద ఆఫీసరొచ్చిండు. తెల్లబట్టలు, భుజం మీద బంగారు పట్టీలు. ఇంత పొడుగు పటం పరిచి ఓడ గురించి గంట సేపు చెప్పిండు. అంత ఇన్నంక నేనొక్కటే అడిగిన.”

“ఏమని?”

“దీనికి బ్రేకు ఏడుంటది అని.”

అమ్మ వంటింట్లోంచి నవ్వింది. ఈ కథ ఆమె పెళ్లయినప్పటి నుంచి వింటోంది, అయినా నవ్వుతుంది.

“ఆయన నవ్వలే. ‘ఉండదు సార్, ఆపాలంటే మైలు ముంగట నుంచే అనుకోవాలె’ అన్నడు. గప్పుడు నాకు సమజైంది, గీ పని నాది గాదని.”

మొదటిసారి విశాఖపట్నంలో ఓడ ఎక్కినప్పుడు ధోవతి మీదే ఎక్కాడట. రేవు దాటగానే కడుపులో తిప్పి డెక్కు మీదే వాంతి చేసుకున్నాడట. భీమవరం నావికుడొకడు చింతపండు ఉండ తెచ్చి, “చప్పరించండి సార్, అందరికీ ఇంతే” అన్నాడట. అతని పేరు తాతకు ఇప్పటికీ గుర్తుంది.

యుద్ధం రాత్రుళ్లు ఢిల్లీలో కిటికీలకు నల్ల కాగితం అంటించుకుని ఫోన్ పక్కన కూర్చునేవాడు. ఒక ఓడ మునిగింది. చనిపోయిన నావికుల ఇళ్లకు తంతి పంపి ఊరుకోవడం కాదు, నేనే పోతానని పట్టుబట్టి ఊరూరూ తిరిగాడు. పింఛను కాగితాల మీద సంతకాలు ఆ ఇళ్ల అరుగుల మీదే పెట్టాడు. ఇది విన్నప్పుడు నాకు కళ్లలో నీళ్లు వచ్చాయి. ఇలాంటి మనిషి ఇంట్లో పుట్టడం అదృష్టం.

లంగరు, తెరచాప, దీపస్తంభం. మూడు మాటలూ వెనక పేజీలో రాసుకున్నాను. లంగరు అనే మాట పలుకుతుంటేనే బరువుగా కిందికి దిగుతున్నట్టు ఉంటుంది.

19 సెప్టెంబరు

ఈ రోజు నుంచి ఆర్టీసీ కూడా సమ్మె. బాపు ఇంట్లోనే ఉన్నాడు. ఉప్పల్ డిపో డ్రైవరు ఇంట్లో ఉంటే ఇల్లు ఇంత చిన్నదని ఇప్పుడే తెలిసింది. రెండు గదులు, నలుగురం.

మా ఇంట్లో తండ్రీకొడుకులు నేరుగా మాట్లాడుకోరు. “మీ తాతను మందులు ఏసుకొమ్మను.” “మీ బాపును పేపర్ ఇయ్యమను.” పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను కాబట్టి అది నాకు వింత కాదు. తాత మంత్రిగా ఉన్నది కొద్ది నెలలే. తర్వాత ఎన్నికల్లో ఓడిపోయాడు, మళ్లీ ఎవరూ పిలవలేదు. ఆయన ఏమీ వెనకేసుకోలేదు. అందుకే మంత్రి కొడుకు బస్సు నడుపుతాడు. అది గొప్పే కదా. నేను అదీ రాశాను.

బాపు నా భుజం మీదుగా వంగి చూసి, “ఏం రాస్తున్నవ్?” అన్నాడు.

“తాత జీవితం.”

“ఒక్క పేజీల వడ్తదా?” అన్నాడు. తర్వాత చెప్పులు వేసుకుని డిపోకు పోయాడు, పని లేకపోయినా.

21 సెప్టెంబరు

బయటికి పోలేదు.

22 సెప్టెంబరు

బయటికి పోలేదు. తాత మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. మళ్లీ రాశాను.

25 సెప్టెంబరు

పేజీ చూపించడానికి శిబిరానికి వెళ్లాను. పేజీ కోసమే వెళ్లాను.

నరేందర్ చెట్టుకు ఆనుకుని చదివాడు. పక్కన నలుగురు అబ్బాయిలు కూర్చుని ఉన్నారు. (అన్న అని పిలవడం ఈ రోజు మర్చిపోయాను. ఆయన గమనించలేదు.)

“భాష మస్తున్నది. ‘యుద్ధమేఘాలు కమ్మిన వేళ’! అబ్బ.” తర్వాత తల గోక్కున్నాడు. “ఒకటి చెప్పు. తాత మంత్రి ఎప్పుడయ్యిండు?”

“యుద్ధం వచ్చినప్పుడు.”

“యుద్ధం డిసెంబరు మూడు. ప్రమాణ స్వీకారం ఎన్నడు?”

“చూసి చెప్తాను.”

“చూసుడేంది త్రివేణీ, హిస్టరీ చదివెటోన్ని నాకు తెల్వదా. ఎలక్షన్లు మార్చిల. తెలంగాణ అని ఓట్లడిగి గెలిచిన్రు. సెప్టెంబరుల మొత్తం పార్టీ పోయి ఢిల్లీ పార్టీల కలిసింది. అక్టోబరుల మీ తాతకు కుర్చీ వచ్చింది. మరి దేశం రెండు నెలల ముంగటనే ఎట్ల పిలిచింది?”

పక్కనున్న అబ్బాయి అన్నాడు: “కరెంటు కోతలెక్క టైంటేబుల్ ఇచ్చి వచ్చిందేమో అన్నా, యుద్ధం.”

అందరూ నవ్వారు. నరేందర్ వాళ్లను కసిరాడు గానీ ఆయన పెదవులు కూడా కదిలాయి.

“నేను తీసెయ్యమంటలేను. లాఠీ తిన్న మాట నిజం, జైలు నిజం. జర తాతనే అడిగి రాయి,” అన్నాడు.

ఇంటికి వచ్చి చూడాల్సిన పని లేదు. అయినా చూశాను. మా ముందు గదిలో గోడ మీద తాత ప్రమాణం చేస్తున్న ఫొటో ఉంది. కింద తెల్ల అక్షరాలతో 13 అక్టోబరు 1971. ప్రతి దసరాకూ ఆ అద్దం తుడిచేది నేనే. ఆ అంకె నాకు ఎప్పటి నుంచో తెలుసు. ఎక్కడో లెక్క తప్పు ఉండి ఉంటుంది. రేపు అడుగుతాను.

26 సెప్టెంబరు

తాతకు జ్వరం లాగా ఉంది. రేపు.

27 సెప్టెంబరు

బతుకమ్మ మొదలైంది. గల్లీలో ఆడవాళ్లందరూ తంగేడు పూలు దొరకడం లేదని తిట్టుకుంటూనే బతుకమ్మ పేర్చారు. పండుగ పూట ఎవరైనా ఇలాంటివి అడుగుతారా?

29 సెప్టెంబరు

బొగ్గు లేక కరెంటు పోతోంది. పొద్దున పోయింది, మధ్యాహ్నం పోయింది. తాత కుర్చీ గుమ్మంలో. బాపు మంచం కిటికీ కింద. అమ్మ వంటింట్లో. నాకు మిగిలింది బీరువా పక్కన గోడ. ఆ గోడకు ఆనుకుని రాసుకుంటున్నాను. బయటికి వెళ్లాలంటే తాతను లేపాలి. లేపితే, “ఏడికి బిడ్డా? కూసో, ఇంకొకటి యాదికొచ్చింది,” అంటాడు.

ఈ రోజు ఆయనకు యాదికొచ్చింది: “యుద్ధమొచ్చింది. దేశం పిలిచింది.”

రాశాను. వాక్యం నిజంగానే బాగుంటుంది. చదివేవాళ్లు తేదీలు చూడరు, వాక్యం చూస్తారు. పుస్తకాల్లో ఇలాంటివి ఎన్ని ఉండవు.

బాపు అటు తిరిగి పడుకున్నాడు. నిద్రపోలేదని ఆయన పాదాలు చూస్తే తెలుస్తుంది.

2 అక్టోబరు

ఒక మాట కోసం నిఘంటువు వెతికాను. ‘దిగ్బంధం’. దిక్కులు కట్టేయడం. యుద్ధంలో మన ఓడలతో శత్రువు రేవును ఇలాగే మూసేశారట, లోపలి ఓడలు బయటికి రాకుండా. చాలా గొప్పగా చెప్పాడు. నేను గుమ్మం వైపు చూశాను.

7 అక్టోబరు

నిన్న దసరా. ఈ రోజు నరేందర్, ఇంకో ఇద్దరు మా ఇంటికి వచ్చారు. రేపు శిబిరంలో ఆర్టీసీ వాళ్ల వంతు. రోజుకో వర్గం వాళ్లు పొద్దున దండలు వేయించుకుని కూర్చుంటారు. సాయంత్రం ఎవరైనా పెద్దమనిషి వచ్చి నిమ్మరసం ఇచ్చి దీక్ష విరమింపజేస్తారు. రేపటి నిమ్మరసానికి తాతను పిలిచారు.

“అరవై తొమ్మిదిల దెబ్బలు తిన్నోళ్లు ఉప్పల్‌ల మీరొక్కరే మిగిలిన్రు సార్. మీ చేతితోని ఇయ్యాలె.”

తాత లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది. “నన్ను పిలుస్తున్నరా? నన్నా?” అని రెండుసార్లు అడిగాడు.

వాళ్లను సాగనంపుతూ గేటు దగ్గర నరేందర్‌ను అడిగాను, అబ్బాయిలు ఏమీ అనరు కదా అని. “లాఠీకి పిలుస్తున్నం, కుర్చీకి గాదు,” అన్నాడు.

రేపు కూర్చునే వాళ్లలో బాపు ఉన్నాడు. తాతకు ఆ సంగతి తెలుసో లేదో. చెప్పాల్సిందేముంది? మంచిదే కదా. తండ్రి చేతి మీదుగా కొడుకు దీక్ష విరమించడం ఎంత బాగుంటుంది. పేజీకి మంచి ముగింపు కూడా.

అమ్మ తాత ధోవతికి గంజి పెడుతూ, “గిది మంచిగయితదా, సెడుగయితదా త్రివేణీ?” అని అడిగింది.

“మంచిగైతది అమ్మా,” అన్నాను.

8 అక్టోబరు

రాయాలని లేదు. రాస్తాను.

సాయంత్రం ఆటోలో తీసుకుపోయాను. శిబిరంలో పన్నెండు మంది ఖాకీ బట్టల్లో వరసగా కూర్చున్నారు, మెడలో దండలు వాడిపోయాయి. పద్ధతి ఏమిటంటే, మొదటి గ్లాసు వరసలో పెద్దవాడికి ఇస్తారు. అతను తాగిన తర్వాతే మిగతా వాళ్లు తాగుతారు. ఈ రోజు పెద్దవాడు బాపు.

మైకులో తాత పేరు చెప్పారు. కొందరు చప్పట్లు కొట్టారు. వెనక నుంచి ఎవరో “ఓడల తాతకూ...” అంటే ఇంకెవరో నవ్వు ఆపుకున్నారు. తాత గ్లాసు పట్టుకుని వంగాడు. అప్పుడు చూశాడు ఎదురుగా ఉన్నది ఎవరో.

“తాగు బిడ్డా,” అన్నాడు.

బాపు గ్లాసు వైపు చూడలేదు. “నాయినా,” అన్నాడు.

ఆ పిలుపు బాపు నోట వినడం నాకిదే మొదటిసారి.

“నాయినా, యాదగిరి యాదికున్నడా? అరవై తొమ్మిదిల ఊరేగింపుల నీ పక్కన తూటా తగిలి పడిపోయిండు. నీ క్లాసు పోరడు. నన్ను భుజం మీద ఎక్కిచ్చుకొని ఉప్పలంత తిప్పెటోడు.”

“యాదికున్నడు.”

“వానిని సూపిచ్చి ఓట్లడిగినవు. అందరేసిన్రు. ఓడలోళ్ల ఇండ్లకైతే విశాఖపట్నం దాక పోయినవు. యాదగిరి ఇల్లు మన బడి ఎనకనే. వాళ్లమ్మ ఇంక బతికే ఉన్నది. ఒక్కనాడన్న పోయినవా?”

మైకు ఆన్‌లోనే ఉంది. రోడ్డు అవతల బండ్ల దగ్గర వాళ్లు కూడా ఇటు చూస్తున్నారు.

“పోలే,” అన్నాడు తాత.

“బడిల నన్నేమని పిలిచెటోళ్లు ఎరికేనా? అమ్ముడుపోయినోని కొడుకని. పదేండ్లు నాకు. గీ గ్లాసు నాకొద్దు నాయినా.”

బాపు పక్కనున్న కండక్టరు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఆ పక్కనతనూ అంతే. వరస చివరిదాకా చేతులు వెనక్కి వెళ్లాయి. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టని వాళ్లు. తాత చేతిలో గ్లాసు ఒరిగి, రసం ధోవతి మీద పడింది. ఎంతసేపు అలా వంగి నిలబడ్డాడో! నరేందర్ వచ్చి గ్లాసు మెల్లగా తీసుకున్నాడు. నా వైపు చూడలేదు.

చివరికి జామకాయలమ్మే ఆమెను పిలిచి ఇప్పించారు. ఆమె చీర కొంగుకు చేయి తుడుచుకుని, “తాగున్రి కొడుకా, పిట్టలెక్క అయిన్రు,” అంటే బాపు తాగాడు.

తాత ఆటో వద్దన్నాడు. నాచారం దాకా నడిచాడు. నేను వెనకే నడిచాను. దారంతా అమ్మ నిన్న అడిగిన ప్రశ్న నా చెవుల్లోనే ఉంది.

9 అక్టోబరు

తాత కుర్చీ లోపలికి జరిపించుకున్నాడు. గుమ్మం ఖాళీగా ఉంది. నేను బయటికి వెళ్లలేదు.

10 అక్టోబరు

అమ్మ ఇద్దరికీ చెరో వైపు పళ్లెం పెట్టి, “మామా, మీరు తినకుంటే నేను తినను. మీ కొడుకు తినకుంటే గూడ తినను. ఇద్దరు గలిసి నన్ను సంపుండ్రి,” అంది. తాత నాలుగు మెతుకులు తిన్నాడు.

11 అక్టోబరు

అడిగాను.

బాపు డిపోకు పోయిన తర్వాత ఫొటో కిందికి దింపి తాత ముందు పెట్టాను. “తాతా, తేదీ అక్టోబరు. యుద్ధం డిసెంబరు,” అన్నాను. నా గొంతు నరేందర్ గొంతులా వినిపించింది, నాకు నచ్చలేదు.

తాత ఫొటో చాలాసేపు చూశాడు. అందులో ఆయన నల్లగా, సన్నగా, చేయి ఎత్తి ఉన్నాడు.

“నీకు తెల్సా, నేను అబద్ధం చెప్పాలనుకోలే. యుద్ధం గురించి చెప్పంగ చెప్పంగ అదే ముందుగాల వచ్చినట్టయింది,” అన్నాడు.

“మరి ఎందుకు తీసుకున్నావు?”

“ఇస్తమన్నరు. తీసుకున్న. తెలంగాణ ఇప్పుడు రాదు, ఉన్నకాడ ఏదన్న చేద్దామనుకున్న. అప్పుడే అనుకున్ననో, తర్వాత అనుకున్ననో ఇప్పుడు నాకే తెల్వదు బిడ్డా. ఢిల్లీల పెద్ద ఇల్లు. మీ నాయినమ్మ మొక్కలు పెట్టింది. ఈడికెళ్లి తిట్లతోని కార్డులొస్తుండె. ఒక కవరుల రెండు గాజులు పెట్టి పంపిన్రు, తొడుక్కొమ్మని. రెండు నెలలు నిద్ర పట్టలే. పొద్దుగాల ఆఫీసుకు పోయి ఓడల పేర్లు నేర్చుకునుడు, రాత్రి మేలుకొనుడు.”

నేను ఫొటోను ఒళ్లోకి తీసుకున్నాను.

“డిసెంబరుల రాత్రి ఫోనొచ్చింది, యుద్ధం మొదలైందని. గప్పుడు నాకు...” ఆగాడు. “గిది రాయకు. మంచిగనిపించింది. పోరగాండ్లు సచ్చే యుద్ధం. నాకు మంచిగనిపించింది. ఇగ ఎవ్వడడిగినా చెప్పొచ్చు గదా, దీనికోసం వచ్చినని.”

మళ్లీ అన్నాడు: “ఓడ మునిగినంక ఇండ్లకు నేనే పోత అన్న. అందరు మెచ్చుకున్నరు. ఆ అమ్మలు నా చేతులు పట్టుకొని ఏడ్చిన్రు. వాళ్ల కొడుకులు నాకు తెల్వరు. అందుకే పోగలిగిన.”

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో.

రాయకు అన్నది రాస్తున్నాను. ఇది పుస్తకానికి కాదు కదా. నేను ఇప్పటిదాకా దిద్దిన వాక్యాలన్నీ చదివాను. ‘కమ్మిన వేళ.’ ఏం కమ్మింది, ఏ వేళ? నాకే సిగ్గేసింది.

12 అక్టోబరు

తాత అడిగాడు: “వాళ్లమ్మ ఇంక ఆ ఇంట్లనే ఉన్నదా?”

అమ్మ చెప్పింది, “ఆడనే మామా. లక్ష్మీనర్సమ్మ. కండ్లు సరిగ అవుపడయి.”

13 అక్టోబరు

తాత పొద్దున చొక్కా వేసుకున్నాడు. మధ్యాహ్నం విప్పేశాడు.

14 అక్టోబరు

వెళ్లాం. నేనూ, తాతా.

బడి వెనక సందులో పాత ఇల్లు, ముందు రేకుల పందిరి. లక్ష్మీనర్సమ్మ గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఎనభై దాటి ఉంటాయి. చేతులతో తడిమి ఈనె తీస్తోంది.

“ఎవలు?”

“కొమురెల్లిని. బడి సారును.”

ఆమె చేయి ఆగింది. “ఓట్లొచ్చినయా?”

“లేదు.”

“మరి గిప్పుడేం పని?”

తాత నిలబడే ఉన్నాడు. కూర్చోమని ఆమె అనలేదు. నేను గోడ పట్టుకుని నిలబడ్డాను. ఆమెకు నేనున్నట్టు తెలియదేమో.

“యాదగిరి గురించి,” అన్నాడు.

“ఆఁ.”

సందు చివర ఎవరో బండి స్టార్ట్ చేస్తున్నారు, అది అవడం లేదు. లక్ష్మీనర్సమ్మే అడిగింది: “ఆఖరికి నువ్వే గదా పక్కనున్నది. అందరన్నరు. నేను మీ ఇంటికొచ్చిన రెండుసార్లు, అడుగుదామని. ఢిల్లీల ఉన్నడన్నరు. నా కొడుకు ఏమన్నడు?”

తాత మొహం అప్పుడు చూడకుండా ఉంటే బాగుండేది.

“అన్నడు. ‘సారూ, ఒక చెప్పు పోయింది. ఎతుకున్రి సారూ, అమ్మ తిడ్తది,’ అన్నడు. రక్తం సూసుకోలే. కాలే సూసుకున్నడు. నేను అటు తిరిగి చెప్పు కోసం సూసిన. మల్ల ఇటు తిరిగేసరికి లేడు.”

లక్ష్మీనర్సమ్మ ఒళ్లోని చిక్కుడుకాయలు కింద పడ్డాయి. “బోనాలకు కొనిచ్చిన,” అంది. “తిడ్తనే ఉంటి. ఖరాబు చేసుకోకు అని చెప్పే పంపిన.” తర్వాత, “మల్ల చెప్పు.”

మళ్లీ చెప్పాడు. ఆమె పెదవులు ఆయన మాటల వెంటే కదిలాయి.

అప్పుడు తల ఎత్తింది. కళ్లు తాత ఉన్న వైపు కాదు, కొంచెం పక్కకు చూస్తున్నాయి.

“నలభై రెండేండ్లు నీ కాడ పెట్టుకున్నవు గీ మాట. ఎవలదది? నీదా?”

“కాదు.”

“నాకు రావాల్సింది గదా. ఎందుకియ్యలే?”

తాత చేతులు జోడించాడు. ఆమెకు కనిపించదు. నేను చెప్పలేదు కూడా.

కాసేపటికి ఆమె కింద తడుముతూ కాయలు ఏరుకోవడం మొదలుపెట్టింది. నేను వంగి సాయం చేయబోతే, “ఎవలది చెయ్యి? ఉండనియ్యి,” అంది. తర్వాత, “ఎల్లుండి నా బిడ్డ వస్తది, వాని చెల్లె. దాని ముంగట గూడ చెప్పు,” అంది.

“వస్త,” అన్నాడు తాత.

ఇంటికి వచ్చేసరికి బాపు వాకిట్లో ఉన్నాడు. అమ్మ చెప్పినట్టుంది. తాత చెప్పులు విప్పుకోవడానికి వంగలేక తంటాలు పడుతుంటే చూస్తూ నిలబడ్డాడు. సాయం చేయలేదు, లోపలికీ పోలేదు.

16 అక్టోబరు

తాత ఒక్కడే వెళ్లివచ్చాడు. ఆ చెల్లెలు ఆయన్ను బాగా తిట్టిందట. “మంచిగ తిట్టింది,” అన్నాడు. అన్నం అడిగి పెట్టించుకుని తిన్నాడు.

17 అక్టోబరు

శిబిరంలో నరేందర్‌కు ఎవరో చెప్పారు. “ఆ చెప్పు మాట పేజీల పెట్టు త్రివేణీ. చదివినోడు ఏడుస్తడు. పుస్తకానికి గదే ప్రాణం,” అన్నాడు.

పదిహేను రోజుల క్రితమైతే ఇంటికి పరుగెత్తి రాసేదాన్ని.

“అది లక్ష్మీనర్సమ్మది. ఆమెను అడిగి పెట్టుకోండి అన్నా,” అన్నాను. ఆయన కొంచెంసేపు నన్ను చూశాడు. పేజీ రేపు ప్రెస్సుకు పోతుంది, రేపు పొద్దున ఇచ్చేయమన్నాడు.

18 అక్టోబరు

బస్సులు మళ్లీ తిరుగుతున్నాయి. బాపుకు పొద్దుటి డ్యూటీ. ఖాకీ వేసుకుని టీ తాగుతుంటే తాతకు పేజీ చదివి వినిపించాను. సగం పేజీ కూడా రాలేదు.

‘కొమురెల్లి, ఉప్పల్ బడిలో లెక్కల మాస్టారు. 1969 ఉద్యమంలో దెబ్బలు తిన్నారు, జైలుకు వెళ్లారు. ఊరేగింపులో ఆయన పక్కన విద్యార్థి యాదగిరి చనిపోయాడు. 1971 మార్చిలో తెలంగాణ కోసం ఓట్లడిగి పార్లమెంటుకు గెలిచారు. సెప్టెంబరులో వాళ్ల పార్టీ ఢిల్లీ పార్టీలో కలిసింది. అక్టోబరులో నౌకాదళం చూసుకునే ఉపమంత్రి అయ్యారు. డిసెంబరులో యుద్ధం వచ్చింది. చనిపోయిన నావికుల ఇళ్లకు స్వయంగా వెళ్లారు. యాదగిరి ఇంటికి 2011 అక్టోబరులో వెళ్లారు.’

తాత కళ్లు మూసుకుని విన్నాడు.

“మస్తు చిన్నగున్నది.”

“అంతే ఉంది తాతా.”

“బ్రేకు ముచ్చట పెట్టలే.”

“పెట్టలేదు.”

గోడ మీద ఫొటో వైపు చూశాడు. తర్వాత చాలా మెల్లగా, అమ్మకు కూడా వినబడకుండా అడిగాడు: “యుద్ధం జర ముంగట రాయరాదా బిడ్డా? ఒక్క వాక్యమే గదా. కిందిది మీదికి.”

నా దగ్గర పెన్ను ఉంది. ప్రెస్సుకు ఇంకా ఇవ్వలేదు. ఆయనకు డెబ్బై తొమ్మిదేళ్లు. నా చిన్నప్పుడు అక్షరాలు ఆయనే దిద్దించాడు.

“రాదు తాతా,” అన్నాను.

బాపు గ్లాసు గట్టు మీద పెట్టి బయటికి వెళ్లాడు. స్కూటర్ స్టాండు తీసిన చప్పుడైంది.

“సరే,” అన్నాడు తాత. “మల్ల సదువు.”

చదివాను. దెబ్బలు, జైలు, యాదగిరి, ఓట్లు, సెప్టెంబరు. అక్కడ ఆగాను. నీళ్ల కోసం చూస్తుంటే తాతే అందుకున్నాడు, కళ్లు తెరవకుండా, గట్టిగా, తరగతిలో వెనక బెంచీ దాకా వినబడేటట్టు:

“అక్టోబరుల ప్రమాణం చేసిన. యుద్ధం ఇంక రాలే.”

బయట స్కూటర్ ఇంకా కదల్లేదు. బాపు హ్యాండిల్ పట్టుకుని, ఇంటి వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. నేను మిగతాది చదివాను.